బందరు నోబుల్ కాలేజీకి ఆ పేరు ఎవరిది? ఆ దొర మత ప్రచారం ఫలించిందా?

ఆయన అనుకున్న చోట పెద్దగా ఫలించలేదు, అనుకోని చోట ఫలించింది. నేను ఆ కాలేజీలోనే చదివాను, మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. కాబట్టి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటే సర్దుకోండి.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి ఇక్కడికి వచ్చారు. ఫాక్స్ ఊళ్ళు తిరుగుతూ వాక్యం చెప్పేవారు. నోబుల్ గారు 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టి దాన్నే పట్టుకుని ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. 1865లో ఇక్కడే పోయేదాకా ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు.

పెద్ద కులాల పిల్లలు క్రీస్తును నమ్మితే మిగతావాళ్ళు వాళ్ళ వెంటే వస్తారని ఆయన లెక్క. 1852లో భూషణం, రత్నం అనే ఇద్దరు కుర్రాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు, ఒకరు బ్రాహ్మణ, ఒకరు వెలమ. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించేయడంతో బడి ఖాళీ అయిపోయింది. అయినా ఆయన తలుపులు మూయలేదు, మెల్లగా పిల్లలు మళ్ళీ చేరారు. తర్వాత జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా నమ్మి, కేంబ్రిడ్జిలో చదివి తనే మిషనరీ అయ్యాడు. పేర్లు గుర్తుండిపోయేవే, కానీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. ముస్లింలను, శూద్రులను చేర్చుకున్న ఆ బడిలో మాల మాదిగ పిల్లలకు మాత్రం చోటు లేదు. వాళ్ళు వస్తే మిగతావాళ్ళు రారని ఆయన భయం. భయం నిజమే కావచ్చు, కానీ ఆయన నేర్పిన సువార్తకు అది ఎలా పొసగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1859లో, రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్దాయన తనంతట తనే బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీ దొర దగ్గరికి వెళ్ళి బాప్తిస్మం పొందారు. ఆయన వెనక పల్లెలు కదిలాయి. కృష్ణా జిల్లాలో క్రైస్తవ సంఘాలు పెరిగింది ఎక్కువగా అలా పల్లెల్లోంచే. మా నాయనమ్మ వెంకయ్య గారి కథ ఎన్నిసార్లు చెప్పేదో! నోబుల్ దొర పేరు మాత్రం ఆవిడ నోట వినలేదు. నాన్న ఆ కాలేజీలో చేరతానంటే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "హాస్టల్లో అన్నం సరిగ్గా పెడతార్రా?" అని.

అక్కడ చదివితే మతం మారమంటారా అని కూడా కొందరు అడుగుతుంటారు. నా రోజుల్లో ప్రార్థన ఉండేది. నా బ్యాచ్‌లో సగానికి పైగా హిందువులే, ఎవరినీ ఎవరూ ఏమీ అనలేదు. మాకున్న టెన్షనల్లా పరీక్షల గురించే.