తియ్య ఉల్లిగడ్డ సాస్ ఇంట్లోనే చేసుకోండి, శాండ్‌విచ్ షాపులకు డాలర్లు పోయకండి

కాజీపేట నుంచి ఈ ఆగస్టులో డాలస్ దగ్గరికి ఎమ్మెస్‌కు వచ్చిన ఒక తమ్ముడి సందేహం ఇది. శాండ్‌విచ్ షాపుల్లో పైన పోసే తియ్యటి పుల్లటి ఉల్లిగడ్డ సాస్ లేకపోతే బ్రెడ్డు గొంతు దిగట్లేదట, సీసా కొనాలా ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగాడు. చేసుకోవచ్చు తమ్మీ. అరగంట పని, అందులో సగం సేపు ఉల్లిగడ్డ దానంతట అదే మగ్గుతుంది. పచ్చిపులుసు కలిపే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది కష్టమేమీ కాదు, అందులోనూ ఉన్నది పులుపు, తీపి, ఉల్లిగడ్డే.

కానీ చేసే పద్ధతి కంటే ముందు డబ్బు సంగతి చెప్పాలి. నువ్వు సాస్ గురించి అడుగుతున్నావు గానీ నాకు మాత్రం నీ కార్డు బిల్లు కనపడుతోంది.

నేను అమెరికా వచ్చిన కొత్తలో డబ్బాలో అన్నం, పప్పు పట్టుకుపోయి క్లాస్‌మేట్ల మధ్య మూత తీయడానికి మొహమాటపడేదాన్ని. అందుకని మధ్యాహ్నం క్యాంపస్‌లోనే ఒక శాండ్‌విచ్, దాంతో కూల్‌డ్రింక్, చిప్స్ పొట్లం. ఒక్క పూట చూస్తే పెద్ద లెక్క అనిపించదు. హన్మకొండలో మా నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోన్ మీద వడ్డీ మాత్రం నేను తిన్నా తినకపోయినా పెరుగుతూనే ఉంది. నెలాఖరుకు క్రెడిట్ కార్డు బిల్లు వస్తే అందులో మినిమమ్ పేమెంట్ అని ఒక చిన్న అంకె కనపడింది, హమ్మయ్య అనుకుని అంతే కట్టాను. మిగిలినదాని మీద ఏడాదికి 20 శాతం దాటి వడ్డీ పడుతుందని చెప్పేవాళ్లు అప్పుడు నా చుట్టూ ఎవరూ లేరు. అక్కడ లోన్ వడ్డీ, ఇక్కడ కార్డు వడ్డీ, ఎప్పుడో తిని మర్చిపోయిన శాండ్‌విచ్‌కు చలికాలమంతా డబ్బు కడుతూనే ఉన్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ ఏం తిన్నావు బిడ్డా అంటే చెప్పబుద్ధి అయ్యేది కాదు. అదంతా నేనే తీర్చుకున్నాను, నాన్నను ఒక్క రూపాయి అడగలేదు. ఇప్పుడు వచ్చే పిల్లలకు అన్నీ ఫోన్‌లోనే తెలుస్తాయి, ఎవరు ఎంత వడ్డీ వేస్తారో ముందే చూసుకోవచ్చు, అయినా అదే గుంతలో పడుతున్నారు, నా బాధ అది. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి లేదు, ఆ రూల్స్ మీ కాలేజీ ఆఫీసులోనే సరిగ్గా కనుక్కోండి. ఆ గంటల జీతంలో మధ్యాహ్నం తిండికి ఎంత పోతోందో ఒక్క నెల రాసి చూడు, చాలు.

ఇంటి శాండ్‌విచ్ రుచిగా ఉంటేనే ఆ ఖర్చు ఆగుతుంది. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఉత్త ఆమ్లెట్ పెట్టుకుపోతే రెండు రోజులకే విసుగొచ్చి మళ్లీ షాపు లైన్లో నిలబడతారు. తేడా అంతా సాస్‌లోనే ఉంది.

ముందు ఉల్లిగడ్డ సంగతి. స్టోర్‌లో స్వీట్ ఆనియన్ అని విడిగా, కొంచెం ఎక్కువ ధరకు పెడతారు. వాటిలో బాగా పేరున్నవి జార్జియా రాష్ట్రంలోని విడేలియా ఊరి పేరు మీద అమ్మేవి. 1986లో ఆ రాష్ట్రం దానికోసం చట్టమే చేసింది, 20 కౌంటీల పరిధిలో పండినవాటికి తప్ప ఆ పేరు పెట్టడానికి లేదు. టెక్సస్‌లో 1015 అని ఇంకో రకం ఉంది, అక్టోబర్ 15 ప్రాంతంలో విత్తుతారు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇవి తియ్యగా అనిపించేది చక్కెర ఎక్కువుండి కాదు, ఘాటునిచ్చే గంధకం పదార్థాలు తక్కువుండి. విడేలియా వైపు నేలలోనే గంధకం తక్కువ. పచ్చిగా కోసి సలాడ్‌లో వేసుకుంటే ఆ తేడా నాలుకకు తెలుస్తుంది, కానీ మనం వండుతున్నాం కదా. సన్న మంట మీద మగ్గేసరికి మామూలు ఉల్లిగడ్డ ఘాటు కూడా పోయి తీపి పైకొస్తుంది. కాబట్టి మూడు పౌండ్ల సంచిలో వచ్చే మామూలు పసుపు రంగువి చాలు. పైగా తియ్యవాటిలో నీరు ఎక్కువ, ఎక్కువ రోజులు నిలవవు, సంచి నిండా కొంటే సగం మెత్తబడి చెత్తబుట్టలోకే పోతాయి.

ఇంకో మాట, దీనికోసం మిక్సీ అక్కర్లేదు. ఇంటి నుంచి మిక్సీ మోసుకొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను, సూట్‌కేస్‌లో దాని బరువుకు సకినాల డబ్బా, కారం పొట్లం తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది. మనది 230 వోల్టుల కరెంటు, ఇక్కడ గోడలో వచ్చేది 120. ఇక్కడ పెడితే అది మూలిగింది తప్ప పచ్చడి కాదు కదా మెత్తటి టమాట కూడా నలగలేదు. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొందామని పోతే మిక్సీని మోసేంత పెద్దది కావాలి, ఆ ధరకు ఇక్కడి చిన్న బ్లెండర్ కొత్తదే వస్తుంది. అందుకే వచ్చేవాళ్లకు చెప్తున్నాను, మిక్సీ బదులు ఆ బరువుకు తిండి తెచ్చుకోండి. ఈ సాస్‌కు చాకు, చిన్న గిన్నె, గంటె ఉంటే పని అయిపోతుంది.

పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, పావు కిలో దాకా ఉండాలి, వీలైనంత సన్నగా తరుగు. స్టీల్ గిన్నెగానీ నాన్‌స్టిక్ గిన్నెగానీ పెట్టు, వెనిగర్ పోస్తాం కాబట్టి ఉత్త అల్యూమినియం, ఇనుపవి వద్దు, సాస్‌కు లోహం వాసన పడుతుంది. ఒక టీస్పూన్ నూనె వేసి ఉల్లిగడ్డ, చిటికెడు ఉప్పు వేసి సన్న మంట మీద పావుగంట మగ్గనివ్వు, అద్దంలా అయి అంచులు లేత బంగారు రంగుకు రావాలి, మాడకూడదు. మంట పెంచి తొందరపడితే చేదెక్కుతుంది, పైన స్మోక్ అలారం కూడా మోగుతుంది. తరువాత అర కప్పు నీళ్లు, పావు కప్పు వెనిగర్, అర కప్పు చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ ఆవపొడి, అంతే ఎల్లిగడ్డ పొడి, కాసిన్ని మిరియాలు. ఇక్కడి కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. అయిదు నిమిషాలు ఉడకనివ్వు. వెనిగర్‌లో ఆపిల్ సైడర్ రుచి బాగుంటుంది, తెల్లది చవక, వంటకు అమ్మేవి రెండూ మామూలుగా 5 శాతం ఆమ్లంతో వస్తాయి. క్లీనింగ్ వెనిగర్ అని ఇంకా చవకగా పెద్ద క్యాన్‌లో ఉంటుంది, అది గచ్చు తుడిచేది, దాని జోలికి పోకు.

చిక్కబడటానికి ఒక టేబుల్ స్పూన్ కార్న్ స్టార్చ్. డబ్బా మీద స్టార్చ్ అనే రాసుండాలి, ఇక్కడ కార్న్ ఫ్లోర్ అని అమ్మేది పచ్చటి మక్క పిండి. దాన్ని రెండు టేబుల్ స్పూన్ల చల్లటి నీళ్లలో ముందే కలుపుకోవాలి, వేడి సాస్‌లో పొడిగా వేస్తే ఉండలు కట్టి ఇక విడిపోవు. ఆ నీళ్లు పోసి కలుపుతూ ఒకటి రెండు నిమిషాలు ఉడికాక దించెయ్యి. కరెంటు పొయ్యి ఆపినా చాలాసేపు వేడిగానే ఉంటుంది, గిన్నెను దాని మీదే వదిలేస్తే అడుగంటుతుంది. పులుపులో ఎక్కువసేపు ఉడికితే స్టార్చ్ పట్టు వదిలి సాస్ మళ్లీ పలచబడుతుంది కాబట్టి అది ఎప్పుడూ చివర్లోనే వెయ్యాలి. వేడి మీద కొంచెం పలచగా కనపడినా కంగారు పడకు, చల్లారితే చిక్కబడుతుంది. మరీ మెత్తగా కావాలంటే బాగా చల్లారాకే బ్లెండర్‌లో తిప్పు, వేడిది తిప్పితే ఆవిరికి మూత ఎగిరి మొహాన పడుతుంది.

షాపు రుచి కావాలంటే చివర్లో అర టీస్పూన్ గసగసాలు చల్లు. దుబాయ్, సౌదీ పోయే మన జగిత్యాల, నిజామాబాద్ వైపు తమ్ముళ్లు మాత్రం గసగసాలు సంచిలో పెట్టుకోకండి, అక్కడ అవి నిషేధం, వాటితో పట్టుబడితే కేసులే. అక్కడివాళ్లు అవి లేకుండానే చేసుకోండి, రుచి పెద్దగా తగ్గదు. నేనైతే మన వరంగల్ చపాటా మిరప కారం చిటికెడు వేస్తాను, మంట తక్కువ, రంగు ఎర్రగా వస్తుంది. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతానిదే అని చెప్పే ముద్ర కూడా వచ్చింది, ఇంటి నుంచి తెచ్చుకునే పొట్లాల్లో దానికి చోటు పెట్టండి. సోయా సాస్ ఒక స్పూన్ వేస్తే ఇంకో రుచి, అప్పుడు ఉప్పు తగ్గించాలి. చక్కెర సగం, బెల్లం సగం వేసినా బాగుంటుంది, కానీ ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో బెల్లం ధర చూస్తే నాకు చేయి రాదు.

దాచుకునే విషయంలో మాత్రం అమ్మ పచ్చడి లెక్క వద్దు. ఆవకాయను ఉప్పు, నూనె కాపాడతాయి, దీంట్లో అవి అంత లేవు. చల్లారగానే గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు, 4 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి, రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, పొడి స్పూనే వాడు, రెండు వారాల్లో అయిపోవాలి. ఫ్రీజర్‌లో పెడితే స్టార్చ్ విరిగి నీళ్లు ఊరతాయి. పరీక్షల టైమ్‌కు దాచుకోవాలంటే మగ్గిన ఉల్లిగడ్డను మాత్రమే ఫ్రీజ్ చేసుకుని మిగతాది అప్పటికప్పుడు కలుపుకో.

శాండ్‌విచ్‌లో సాస్ నేరుగా బ్రెడ్డుకు రాస్తే మధ్యాహ్నానికి నాని ముద్దవుతుంది. బ్రెడ్డుకు కొంచెం వెన్న రాసి, పైన పాలకూర ఆకో కీరా ముక్కలో పెట్టి, వాటి మీద సాస్ వెయ్యి, లేకపోతే చిన్న డబ్బాలో విడిగా తీసుకుపో. రాత్రి మిగిలిన చికెన్ కూర ముక్కలు కడిగి వేయించినా, పనీరైనా, ఆలు టిక్కీ అయినా దీంతో బాగా కుదురుతాయి. సలాడ్‌కు ఇది చిక్కగా ఉంటుంది కాబట్టి రెండు చెంచాల సాస్‌కు ఒక చెంచా నూనె, నిమ్మరసం కలిపి పలచన చెయ్యి, ఉడికించిన శనగలు, టమాట, కీరా, క్యాబేజీ మీద పోసుకుంటే అదే ఒక పూట భోజనం, అందులో ఖరీదైనది ఏదీ లేదు.

రూమ్మేట్లతో ఉంటే ఆదివారం ఒకడు చేసి సీసా ఫ్రిజ్‌లో పెట్టండి, సామాను ఖర్చు అందరూ పంచుకోండి, దాన్ని కూడా రాసుకోండి. హాస్టల్‌లో పొయ్యి లేదనేవాళ్లకు మైక్రోవేవ్ చాలు. పెద్ద గాజు గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నూనె వేసి రెండేసి నిమిషాలు తిప్పి తీసి కలుపుతూ మెత్తబడేదాకా చెయ్యి, తరువాత మిగతావన్నీ వేసి మళ్లీ అలాగే మరగనిచ్చి, స్టార్చ్ నీళ్లు పోసి ముప్పై సెకన్లకోసారి బయటికి తీసి కలుపుతూ ఉండు. గిన్నె సగానికి మించి నింపకు, చక్కెర పాకం పొంగితే మైక్రోవేవ్ కడగడానికి గంట పడుతుంది.