కణం పాఠం చెప్పబోతున్న నా మేనకోడలికి

బుజ్జి తల్లికి,

అత్త ఆశీస్సులు. రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. గోదారి లంకలో హైస్కూల్లో బయాలజీ టీచరుగా చేరావనీ, సోమవారం తొమ్మిదో తరగతికి కణం పాఠం మొదలుపెడుతున్నావనీ చెప్పాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకో బయాలజీ టీచరమ్మ తయారైందన్న సంతోషం ఒక పక్క. ఇంకో పక్క రోజూ రెండు పూటలా పంటు మీద గోదారి దాటాలి కదా అన్న టెన్షన్. ఇది శ్రావణమాసం, ఎర్రనీరు దిగే రోజులు. నీటి మట్టం పెరిగిందని తెలిస్తే సెలవు పెట్టు, జీతం పోతే పోయింది. చీకటి పడ్డాక మాత్రం రేవు దగ్గర ఉండకు. ఇది అడగడం లేదు, చెబుతున్నాను.

ఇక పాఠం సంగతి. మామూలు విషయాలు నీకు తెలిసినవే. లెన్సు మెత్తని గుడ్డతో తుడవాలి. ముందు చిన్న పవర్‌లో చూపించాలి. పెద్ద పవర్ పెట్టాక పెద్ద స్క్రూ ముట్టుకోకూడదు, స్లైడు పగులుతుంది. ఉల్లిపొర తీయడానికి పిల్లల చేతికి బ్లేడు ఇవ్వకు. ఉల్లిపాయ రేకు విరిచి లాగితే లోపలి పొర దానంతటదే వస్తుంది. బుగ్గ లోపలి కణాలు గీకడానికి పిల్లకో పుల్ల ఇవ్వు, వాడిన పుల్ల ఇంకొకరికి వెళ్ళకూడదు. కవర్‌స్లిప్‌ను సూదితో ఆన్చి ఏటవాలుగా, నెమ్మదిగా దించు. టపీమని వేస్తే గాలి బుడగలు చేరతాయి. నల్లటి అంచుతో గుండ్రంగా కనపడే ఆ బుడగనే సగం క్లాసు కేంద్రకం అని గీసేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ స్కూల్లో అద్దం ఉన్న పాత మైక్రోస్కోపు ఉంటే దాన్ని సూర్యుడి వైపు తిప్పనివ్వకు. కిటికీలోంచి పడే వెలుతురు చాలు. లెన్సుల గుండా సూటిగా వచ్చే ఎండ కంటి లోపలి పొరను, రెటీనాను, కాల్చేస్తుంది. నా సర్వీసు మొత్తం నేను భయపడింది దీనికే. పిల్లల్ని వరసలో నిలబెట్టినా అద్దం దగ్గర నుంచి నా చెయ్యి తీసేదాన్ని కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ నాన్నకి కూడా తెలియదు.

1989లో నేను కాలవ గట్టు మీది స్కూల్లో పని చేసేదాన్ని. తొమ్మిదిలో నలభై ఆరుగురు, మైక్రోస్కోపు ఒక్కటి. ఉల్లిపొర అయిపోయాక పచ్చటిది ఏదైనా చూపిద్దామని కాలవలో నాచు తెమ్మన్నాను. ఒక కూలి ఇంటి పిల్ల లోటాతో నీళ్ళలోనే ఉంచి పట్టుకొచ్చింది. సన్నటి ఆకులు కణుపు కణుపుకీ చుట్టూ ఉండే హైడ్రిల్లా అది. ఆకు మందం రెండు వరసల కణాలే, కోయనక్కర్లేదు, తుంచి నీటి చుక్కలో పెడితే చాలు. నేను స్లైడు సర్ది, గోడలూ పచ్చ చుక్కలూ కనపడగానే సరేనని పక్కకి తప్పుకున్నాను. ఒక్కొక్కరికీ అర నిమిషం.

ఆ పిల్ల వంతు వచ్చింది. కన్ను ఆనించి లేవలేదు. "టీచర్, పచ్చ గింజలు నడుస్తున్నాయండి" అంది. నడవవు, నువ్వు బల్ల కదిపావు అన్నాను. మళ్ళీ చూసి, "కాదండి, గోడ పక్కనే వరసగా తిరుగుతున్నాయండి" అంది. వెనకున్న వాళ్ళు నవ్వారు. నేను వంగి చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. బెల్లు కొట్టబోతోంది, ఇంకా ఇరవై మంది ఉన్నారు.

మర్నాడు రికార్డులు దిద్దాను. నలభై అయిదు బొమ్మలూ పుస్తకంలో బొమ్మకి నకళ్ళు. ఉల్లిపొరలో కూడా హరితరేణువులు, అంటే ఆ పచ్చ గింజలు, గీశారు, అందులో అవి ఉండవు. ఆ పిల్ల బొమ్మ ఒక్కటే వేరు. పొడుగాటి గళ్ళు, గోడలకు ఆనుకుని చుక్కలు, చుక్కల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న బాణాలు. అన్ని బాణాలూ ఒకే వైపు. నేను ఎర్ర పెన్నుతో వాటిని కొట్టేసి, "పుస్తకం చూసి మళ్ళీ వేయి" అని రాశాను. వేసింది. చాలా శుభ్రంగా వేసింది. మళ్ళీ ఆ ఏడాదంతా నా క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

రెండేళ్ళ తర్వాత రాజమండ్రిలో వేసవి ట్రైనింగు. ఒక లెక్చరరు హైడ్రిల్లా ఆకు పెట్టి, మధ్య ఈనె పక్కన చూడండి, తొందర పడకండి అన్నారు. చూశాను. నిమిషం దాకా ఏమీ లేదు. తర్వాత ఒక పచ్చ గింజ కదిలింది, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత వరస మొత్తం. గోడ వెంబడి వెళ్ళి మూల తిరిగి ఇవతలి వైపు నుంచి వస్తున్నాయి. ఆ పిల్ల గీసిన బాణాలు సరిగ్గా అలాగే ఉన్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి స్లైడు కనపడలేదు.

ఎందుకు తిరుగుతాయో నీకు తెలుసు, అయినా రాస్తున్నాను, పిల్లలు అడుగుతారు. మొక్క కణం మధ్యలో పెద్ద రిక్తిక ఉంటుంది, నీటి సంచి. అది కణద్రవ్యాన్ని అంచులకు నెట్టేస్తుంది, అందుకే ప్రవాహం గోడ పక్కన. హరితరేణువులు వాటంతట అవి ఈదవు. కణద్రవ్యంలోని సన్నని ప్రోటీను దారాల వెంట మోటారు ప్రోటీన్లు లాగుతుంటే ఆ ద్రవ్యమే పారుతుంది, అవి దానితో కొట్టుకుపోతాయి, కాలవలో గుర్రపుడెక్క వెళ్ళినట్టు. ఇటలీలో కోర్తి అనే ఆయన 1774లోనే ఈ ప్రవాహాన్ని చూశాడు. అప్పటికి కేంద్రకానికి పేరు కూడా లేదు, ఆ పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌన్ మాట 1831 నాటిది.

ట్రైనింగు నుంచి వచ్చిన వారమే వాళ్ళింటికి వెళ్ళాను. పదో తరగతి కాగానే పెళ్ళి చేసి పంపేశారు. వాళ్ళమ్మ స్టూలు వేసి మజ్జిగ ఇచ్చింది. ఏం పని మీద వచ్చారండి అని అడిగితే చెప్పలేకపోయాను.

మరో నాలుగేళ్ళకి కోటిపల్లి రేవులో కనపడింది, చంకలో పిల్లాడు. నేనే ముందు పలకరించి చెప్పాను, నువ్వు చూసింది నిజం, నేనే చూడలేదు అని. కాసేపు నా మొహంలోకి చూసి, "నాకు తెలుసండి టీచర్. తిరిగాయండి" అంది. పంటు వచ్చేసింది, ఎక్కి వెళ్ళిపోయింది.

అందుకే చెబుతున్నాను తల్లీ, రికార్డులో చూసిందే గీయమను. మీ మైక్రోస్కోపులో కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు కనపడవు. మామూలు వెలుతురుతో మైక్రాన్‌లో అయిదో వంతు కంటే చిన్నది విడిగా తెలియదు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), రైబోజోము దానికంటే చాలా చిన్నది. అవి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనపడతాయని చెప్పి, చార్టు మీద చూపించు. తాము చూసిన బొమ్మ ఒక పేజీలో, పుస్తకం బొమ్మ ఎదుటి పేజీలో వేయించు. రెండూ కలపనివ్వకు. నీకు తెలియని ప్రశ్న వస్తే, రేపు చూసి చెబుతాను అను, సిగ్గుపడకు. నేను ఆ రోజు సిగ్గుపడే వంగలేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పోలికలు చెప్పేటప్పుడు మన ఊరి వాటినే తీసుకో. కణం చుట్టూ ఉండే పొరకి, కణత్వచానికి, కాలవ లాకులు చెప్పు. లాకు తలుపు పడవని ఆపుతుంది, వదులుతుంది, నీటిని కొలిచి పంపుతుంది. మైటోకాండ్రియాని శక్త్యాగారం అని అప్పజెప్పించకు, పిల్లలు దాన్ని గాదె అనుకుంటారు. గాదె కాదు. గాదెలో వడ్లున్నా కూలి ఇవ్వాలంటే చేతిలో డబ్బుండాలి. గ్లూకోజు వడ్లు, కణం తన పనులకి ఖర్చు పెట్టే ఏటీపీ అనే పదార్థం డబ్బు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే పనిలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాది. ఆ ఏటీపీ కండరంలో ఉందని 1929లో అమెరికాలో హార్వర్డులో ఫిస్క్ అనే ఆయనతో కలిసి చూపించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మన భీమవరంలో పుట్టారు, మన రాజమండ్రిలో చదువుకున్నారు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో వెన్నులు నిటారుగా అవడం నేను చూశాను.

ద్రవాభిసరణకి, అంటే పొర గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకి పోవడానికి, ఆవకాయ ఉండనే ఉంది. ముక్కలో నీళ్ళు కలపం, అయినా మూడో రోజుకి జాడీలో ఊట. ఉప్పు బయట ఎక్కువ, నీరు ముక్క కణాల్లోంచి బయటికి వచ్చేస్తుంది. పక్కన రొయ్యల చెరువుల ఉప్పునీరు ఊరితే వరి నాట్లు చేలో నీళ్ళుండగానే ఎందుకు వాడిపోతాయో అడుగు. మీ లంక పిల్లల ఇళ్ళలో అది పాఠం కాదు, తిండి. జవాబు వాళ్ళే చెబుతారు, వాళ్ళని చెప్పనివ్వు.

నా సూదులూ, డ్రాపరూ, చిన్న భూతద్దం, కణాలకి రంగు పట్టించే సాఫ్రనిన్ సీసా చుట్టి ఉంచాను. ఆదివారం మీ నాన్న వచ్చి తీసుకెళతాడు. నాచు మాత్రం ముందు రోజు సాయంత్రమే తెప్పించు, లోటాలో కాదు, గాజు సీసాలో, కాలవ నీళ్ళతోనే. పొద్దున్న కిటికీ దగ్గర వెలుతురులో పెట్టు. స్లైడు మీద నీరు మరీ చల్లగా ఉండకూడదు, ప్రవాహం మందగిస్తుంది. అర నిమిషం కాదు, పిల్లకి మూడు నిమిషాలు ఇవ్వు. పీరియడు చాలకపోతే ఇంకో పీరియడు అడుక్కో.

సోమవారం పంటు దిగగానే ఫోన్ చెయ్యి. ముందుగా ఎవరు కదిలాయన్నారో నాకు చెప్పు, పేరుతో సహా.

ఇట్లు,
మీ అత్త