జపాన్ హోమ్‌స్టే: ‘వెజ్’ అని రాసినా మెనూలో చేప ఎందుకొచ్చింది?

మీ బాబు స్కూల్ తరఫున జపాన్‌లో ఒక కుటుంబం ఇంట్లో ఉండబోతున్నాడు, ఫారంలో ‘వెజ్’ అని రాసినా వాళ్లు పంపిన మెనూలో చేప ఉందని అడిగారు. కారణం దాషి అయ్యుంటుంది. ఎక్కువగా ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో చేసే రసం అది. మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది), ఉడాన్ నూడుల్స్, ఉడికించిన కూరలు, చాలావాటికి అదే ఆధారం. మీ బాబు ఫారంలో ‘వెజ్’ అని మాత్రమే ఉంది కాబట్టి ఆ ఇంటివాళ్లు మాంసం ముక్కలు తీసేసి మెనూ పంపారు. వాళ్ల తప్పేం లేదు.

1. స్కూల్ కోఆర్డినేటర్ ద్వారా ఫారం ఇప్పుడే మార్పించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ‘వెజిటేరియన్’ అని రాసి ఊరుకోకండి. తిననివి పేరుపేరునా జపనీస్‌లో రాయించండి: మాంసం, చేప, రొయ్యలు, చేప దాషి, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది). గుడ్డు, పాలు తింటాడో లేదో విడిగా చెప్పండి. పక్కనే తినగలిగేవి కూడా రాయండి: అన్నం, టోఫు (సోయా పనీర్), కూరగాయలు, కొంబు అనే సముద్రపు నాచుతో చేసిన దాషి. వండేవాళ్లకు ఈ రెండో జాబితాయే ఎక్కువ పనికొస్తుంది.

3. అదే కాగితం ఒకటి బాబు జేబులో ఉండాలి. అన్నం మీద చల్లే ఫురికాకేలో చేప ఉండొచ్చు, ప్యాకెట్‌లో వచ్చే కూర మసాలా ముద్దల్లో జంతు కొవ్వు ఉండొచ్చు. చూపించి అడగమనండి.

4. ఇంటి నుంచి కందిపొడి పంపడం సరే. పచ్చి కరివేపాకు, పండ్లు మాత్రం సంచిలో పెట్టకండి, మొక్కల తనిఖీ సర్టిఫికెట్ లేకపోతే జపాన్ ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.