చిలుము గోకకముందే ఈ ఉత్తరం చదువు

అమ్మలూ,

నువ్వు మెటల్ డిటెక్టర్ కొన్నావనీ, పిడికిలంత పచ్చటి లోహపు ముద్ద ఒకటి దొరికిందనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. కానీ "అదేంటో తెలియట్లేదట, తోమి చూస్తుందట" అన్నాడు చూడు, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. తోమకు తల్లీ.

ముందు నా భయం చెప్పనీ. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసింది. ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో ఆనాటి పేలని గుండ్లు ఈనాటికీ నాగలికి తగులుతూనే ఉన్నాయి. గొట్టంలా ఉండి మొన తేలినదిగానీ, తోకకు రెక్కలున్నదిగానీ కనిపిస్తే ముట్టుకోకు. గుర్తు పెట్టుకుని దూరం జరిగి పోలీసులకు చెప్పు. ఈ విషయంలో నాతో వాదించకు.

స్థలం యజమాని అనుమతి లేకుండా తవ్వొద్దు. అక్కడి చట్టం ముందే తెలుసుకో.

ఇక తోమడం సంగతి. నాతోపాటు వెతకడానికి వచ్చే స్నేహితుడికి ఒకసారి అరచేయంత బిళ్ళ దొరికింది. నిండా చిలుము. అంచు చుట్టూ సన్నగా ఏవో గీతలు, అక్షరాలో నగిషీయో తెలియదు. చాలా మంచివాడు, తొందర మాత్రం ఎక్కువ. రాత్రంతా యాసిడ్‌లో నానబెట్టి, పొద్దున్నే ఇనుప బ్రష్‌తో రుద్దాడు. ఎర్రగా, నున్నగా తళతళలాడింది. మురిసిపోతూ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అక్కడి ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు తిప్పి చూసి, "దీనిమీద ముందు ఏమైనా ఉండేదా?" అని అడిగింది. వాడు నోరు విప్పలేకపోయాడు. రాగి, కంచు మట్టిలో ఉన్నకొద్దీ పైపొర చిలుముగా మారుతుంది. చెక్కిన గీత చాలాసార్లు ఆ చిలుములోనే నిలిచి ఉంటుంది, కింది లోహంలో కాదు. చిలుము పోతే రాత కూడా పోయినట్టే. వాడు తర్వాత డిటెక్టర్ పట్టుకోలేదు. నాకు ఇప్పటికీ బాధే.

1901లో గ్రీసు దగ్గర ఆంటికిథెరా దీవి పక్కన మునిగిన ఓడలోంచి తుక్కులాంటి కంచు ముద్దలు తీశారు. మరుసటి ఏడు ఒకదాంట్లో పళ్ళచక్రం కనిపించింది. 1970ల్లో ఎక్స్-రే తీస్తే లోపల చక్రాల వరసలు బయటపడ్డాయి. సూర్యచంద్రుల గతిని, గ్రహణాలను లెక్కగట్టే యంత్రమది! దొరికిన రోజే ఎవరైనా గీకి పారేసి ఉంటే?

కాబట్టి మెత్తటి బ్రష్‌తో పొడిమట్టి మాత్రం దులుపు. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. పచ్చటి చిలుమైతే రాగి, కంచు, ఇత్తడిలో ఏదో ఒకటి. బరువుగా ఉండి తెల్లటి పొర కడితే సీసం, చేతులు కడుక్కో. తేలిగ్గా, బూడిదరంగులో ఉంటే అల్యూమినియం కావొచ్చు. దాన్ని చౌకగా తీసే పద్ధతి 1886లో గానీ రాలేదు కనుక అది మరీ పాతది కాదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే లోహాన్ని ఇంకా తినేస్తున్న జబ్బు అది, తేమ తగలనివ్వకు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఎక్కడ అరిగిందో చూడు. తాడు ఒరిసిందా, చేతి పట్టు పడిందా, రెండో ముక్క అతికిన గుర్తుందా? అది ఏ పనికి వాడిందో ఆ అరుగుదలే చెబుతుంది. ఎంత లోతులో, పక్కన దేనితో దొరికిందో ఇవాళే రాసుకో, రేపటికి మర్చిపోతావు.

పేరు తెలియకపోయినా చిన్నబుచ్చుకోకు. 12 పలకలున్న రోమన్ కాలపు కంచు వస్తువులు యూరప్‌లో 100కు పైగా దొరికాయి, ఎందుకు చేశారో పండితులకే ఇంకా తేలలేదు.

పక్కన స్కేలు పెట్టి అన్నివైపులా ఫోటోలు తీసి పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా దాన్ని పొడిగుడ్డలో చుట్టి పెట్టు.

మీ పెదనాన్న