క్రెష్ ఫీజు మీ ఒక్కరి జీతంలోంచేనా?

ప్రశ్న: మాది హైదరాబాద్. డెబ్భై మంది పనిచేసే ల్యాబ్‌లో ఉద్యోగం, జీతం 24 వేలు. పాపకు రెండేళ్లు. అత్తయ్య ఆరు నెలలు చూసి, 'ఇక నావల్ల కాదు' అని ఊరెళ్లిపోయారు. ఇప్పుడు క్రెష్‌కు 8 వేలు, ఆటోలకు 3 వేలు. 'నీకు మిగిలేదెంత, మానెయ్' అంటారు మావారు. ఆయన ఆఫీసు క్రెష్‌కు దగ్గరే, కానీ మీటింగులుంటాయి. నేను చేరేసరికి ఏడవుతుంది. అప్పటికి మా పాప ఒక్కతే బ్యాగు తగిలించుకుని ఆయమ్మ పక్కన మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఉద్యోగం మానేయాలా, పాపను నిజామాబాద్‌లో మా అమ్మ దగ్గర వదలాలా? అత్తయ్యను ఒప్పించే దారేదైనా ఉందా?

జవాబు: మానొద్దు, పంపొద్దు. అత్తయ్య జోలికీ వెళ్లొద్దు.

రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ ఆవిడ మీదే రాశారు. మోకాళ్ల నొప్పులతో రెండేళ్ల పిల్ల వెంట పరుగెత్తడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తన పిల్లల్ని తను పెంచుకుంది. మీకు ఆరు నెలలు సాయం చేసింది, దానికి దణ్ణం పెట్టండి.

మీవారి గురించి రాసింది మాత్రం నాలుగు ముక్కలు. నాకు అవే గుచ్చుకున్నాయి. 24లోంచి 11 తీసేసి 'నీకు మిగిలేదెంత' అంటున్నారే, ఆ 11 ఆయన జీతంలోంచి ఎందుకు తీయరు? పాప మీ పుట్టింటి నుంచి వచ్చిన సారె కాదు కదా! సర్దుకుపొమ్మని చాలామందికి చెప్పినదాన్నే, ఈ లెక్కకు మాత్రం సర్దుకోమని చెప్పను. ఇవాళ మానేసి మూడేళ్ల తర్వాత వెళ్తే అదే సీటు, అదే జీతం ఎవరిస్తారు?

ఇంకోమాట. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీ ల్యాబ్‌లో చిన్నపిల్లల తల్లులు ఇంకెందరున్నారో చూసి, అంతా కలిసి రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే అడిగితే ల్యాబ్ వాళ్లూ 'మానెయ్' అనే అంటారు.

'అంగన్‌వాడీకి మనలాంటివాళ్లు పంపుతారా' అని కూడా రాశారు. పాపకు మూడో ఏడు నిండాక నిక్షేపంగా పంపొచ్చు. మూడేళ్లు నిండిన పిల్లలకు ఆటపాటల చదువు, భోజనం అక్కడే. చిక్కల్లా మీ డ్యూటీ అయ్యేదాకా అది తెరిచి ఉండదు. కేంద్రం 'పాల్నా' పథకం కింద కొన్ని అంగన్‌వాడీల్లో క్రెష్‌లు కూడా పెడుతున్నారు. మీ దగ్గర ఉందేమో అక్కడి టీచరును అడగండి.

ఇవన్నీ తేలడానికి టైమ్ పడుతుంది. ఈలోపు మంగళ, గురువారాలు పాపను తీసుకొచ్చే పని మీవారిది. ఆరింటికి ఫోన్ చేసి గుర్తు చేయకండి. క్రెష్ రిజిస్టర్‌లో మీ నంబరు కంటే పైన ఆయన నంబరు రాయించండి.