మీ ప్రశ్నలు – మా జవాబులు: లినక్స్ కంప్యూటర్‌లో ఆడియో, వీడియో

ఈ సంచికకు తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో లినక్స్ డెస్క్‌టాప్ మీద ఆడియో, వీడియో ఇబ్బందులకు సంబంధించినవే ఎక్కువగా ఉన్నాయి. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాం.

ప్రశ్న: పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంటాను. నా లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 ఉంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాటలు చక్కగా వినిపిస్తాయి కానీ, క్లాసు మొదలుపెట్టగానే పిల్లల గొంతులు సన్నగా, గరగరమంటూ వస్తాయి. పల్స్‌ఆడియోను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని తెలిసినవారు చెబుతున్నారు. చేయవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, పలమనేరు

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. అది పదేళ్ల కిందటి సలహా. మీ మింట్ 22లో శబ్దాన్ని నడిపిస్తున్నది పల్స్‌ఆడియో కాదు, పైప్‌వైర్. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) పాక్టిల్ ఇన్ఫో (pactl info) ఆదేశం ఇచ్చి చూస్తే, సర్వర్ పేరు ఉన్న వరుసలో ‘పల్స్‌ఆడియో (ఆన్ పైప్‌వైర్ 1.0.5)’ వంటి మాట కనిపిస్తుంది. పాత అప్లికేషన్లు ఇబ్బంది పడకుండా పైప్‌వైర్ తానే పల్స్‌ఆడియోలాగా జవాబు చెబుతున్నదని దాని అర్థం. దానిని పెరికి పాతది పెట్టబోతే, ఇప్పుడు సక్రమంగా పనిచేస్తున్న స్క్రీన్ షేరింగ్ వంటివి కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీ ఇబ్బందికి మూలం లినక్స్‌లో కాదు, బ్లూటూత్‌లోనే ఉంది. పాటలు వినేటప్పుడు హెడ్‌సెట్ ఏ2డీపీ అనే పద్ధతిలో పనిచేస్తుంది. అందులో శబ్దం స్టీరియోలో, మంచి నాణ్యతతో వస్తుంది కానీ ఒకే దిశలో, అంటే కంప్యూటర్ నుంచి మీ చెవికి మాత్రమే ప్రయాణిస్తుంది. క్లాసు యాప్ మైకు అడిగిన క్షణాన హెడ్‌సెట్ హెచ్ఎఫ్‌పీ అనే ఫోన్ కాల్ పద్ధతికి మారవలసి వస్తుంది. అక్కడ రెండు దిశల్లోనూ మాట నడవాలి కాబట్టి శబ్దం మోనోకు దిగిపోతుంది, శాంప్లింగ్ రేటు (సెకనుకు తీసుకునే శబ్ద నమూనాల సంఖ్య) కూడా 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది. ఇదే హెడ్‌సెట్‌ను విండోస్ కంప్యూటర్‌కు తగిలించినా పద్ధతి మారక తప్పదు.

చేయవలసింది చిన్న మార్పే. పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే ప్రోగ్రామ్‌ను సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోండి. పేరులో పల్స్‌ఆడియో ఉన్నా పైప్‌వైర్‌తోనూ పనిచేస్తుంది. క్లాసు నడుస్తుండగా దానిని తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో మీ క్లాసు యాప్ ఎదురుగా హెడ్‌సెట్ మైకుకు బదులు లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. తరువాత కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెడ్‌సెట్ ప్రొఫైల్‌ను ఏ2డీపీకి (A2DP) మార్చండి. పిల్లల గొంతులు ఆ నిమిషంలోనే తేటపడతాయి. గదిలో ఫ్యాను చప్పుడు మైకులోకి వస్తుంటే, ఒక మామూలు యూఎస్‌బీ మైకు కొనుక్కోవడం హెడ్‌సెట్ మార్చడం కంటే మేలు.

హెడ్‌సెట్ తప్పనిసరిగా కాల్ పద్ధతిలోనే ఉండవలసి వస్తే, అదే కాన్ఫిగరేషన్ జాబితాలో ఎంఎస్‌బీసీ (mSBC) అని రాసి ఉన్న ప్రొఫైల్‌ను ఎంచుకోండి. సీవీఎస్‌డీ (CVSD) అని ఉన్నదాని కంటే అది స్పష్టంగా ఉంటుంది.

ప్రశ్న: తిరుపతిలో గాత్రం నేర్చుకుంటున్నాను. ముందే రికార్డు చేసిన తంబురా శ్రుతిని హెడ్‌ఫోన్స్‌లో వింటూ, పైన నా గొంతు రికార్డు చేసుకుంటాను. నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతోంది. మంచి కంప్యూటర్ కొనాలా?
– ఒక సంగీత విద్యార్థిని, తిరుపతి

జవాబు: కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. శబ్దాన్ని కంప్యూటర్ ఒక్కో నమూనాగా కాక, కొన్ని వందల నమూనాలను ఒక కట్టగా తీసుకుని పంపుతుంది. పైప్‌వైర్‌లో మామూలుగా ఈ కట్ట పరిమాణం 1024 నమూనాలు. సెకనుకు 48,000 నమూనాల లెక్కన ఒక్క కట్ట నిండడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో సుమారు 7 మీటర్లు పోతుంది, అంటే గది అవతల నిలబడిన మనిషి పాడుతున్నంత ఎడం వస్తుంది. గొంతు లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, హెడ్‌ఫోన్స్‌లోకి తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి ఈ ఆలస్యం కలిసేసరికి, ద్రుతకాలంలో పాడేవారికి తప్పకుండా తెలుస్తుంది.

కట్టను 256కు తగ్గిస్తే ఆలస్యం 5 మిల్లీసెకన్లకు వస్తుంది. పైప్‌వైర్‌తో పాటే వచ్చే పీడబ్ల్యూ-మెటాడేటా (pw-metadata) అనే ఆదేశంతో ఈ సంఖ్యను కంప్యూటర్ నడుస్తుండగానే మార్చవచ్చు. రీస్టార్ట్ చేస్తే పాత విలువే వస్తుంది కనుక నిర్భయంగా ప్రయత్నించండి. ఆ సమయంలో మరో కిటికీలో పీడబ్ల్యూ-టాప్ (pw-top) ఆదేశాన్ని తెరిచి ఉంచండి. అందులో ఈఆర్ఆర్ (ERR) అనే గడిలోని సంఖ్య మీరు పాడుతున్నంతసేపూ పెరుగుతూ, చెవిలో చిటపటలు వినిపిస్తుంటే, కంప్యూటర్ అంత వేగాన్ని అందుకోలేకపోతున్నదని గ్రహించి 512కు వెళ్లండి. ఎంత తగ్గితే అంత మంచిదనుకోవడం సరికాదు. గమకం మధ్యలో వచ్చిన ఒక్క చిటపట చాలు, ఆ పాఠం మొత్తం మళ్లీ పాడవలసి వస్తుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఈ పనికి అసలు పనికిరావు. తీగ ఉన్నవే వాడండి. మైకు తగిలించే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనే ఆలోచన ఉంటే, ప్రత్యేక డ్రైవర్ అడగనిదాన్ని, డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉన్నదాన్ని చూసుకోండి. ఆ మీట వేస్తే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కు చేరుతుంది. రికార్డింగ్‌కు ఆర్డర్ (Ardour) అనే ప్రోగ్రామ్ బాగుంటుంది. ఒకప్పుడు ఇటువంటి పనికి జాక్ అనే వేరే సర్వర్‌ను నడిపి, ఆ సమయంలో మిగతా అప్లికేషన్ల శబ్దాన్ని వదులుకోవలసి వచ్చేది. ఇప్పుడు జాక్ కోసం రాసిన ప్రోగ్రాములు పైప్‌వైర్ మీదే నడుస్తున్నాయి. ఇంట్లో అభ్యాసం చేసే సంగీత విద్యార్థులకు లినక్స్‌లో ఇటీవలి కాలంలో జరిగిన గొప్ప మేలు ఇదేనని నా నమ్మకం.

ప్రశ్న: 2013 నాటి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో యూట్యూబ్ పెడితే ఫ్యాను హోరెత్తుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.
– ఒక డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: అది ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ అయి ఉంటే, అందులోని గ్రాఫిక్స్ భాగం హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోను తానే విప్పగలదు కానీ, యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రకాలను విప్పలేదు. దానితో ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఐఫై (h264ify) అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే యూట్యూబ్ హెచ్.264 వీడియోనే ఇస్తుంది. 2023లో వచ్చిన 115వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను వీడియో విప్పడానికి తనంతట తానే వాడుకుంటుంది కనుక, పాత వెర్షన్ ఉంటే మార్చుకోండి. అప్పటికీ ఫ్యాను తగ్గకపోతే ఐ965 (i965) పేరుతో ఉన్న వీఏ డ్రైవర్ (వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ భాగానికి అప్పగించేది) మీ దగ్గర ఉందో లేదో చూడండి. 720పీ దగ్గర ఆగితే ఆ స్క్రీన్‌కు సరిపోతుంది.

ప్రశ్న: కొత్త లాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేశాను. శబ్దమే లేదు. సెట్టింగ్స్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ అని మాత్రమే ఉంది.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: చాలావరకు సౌండ్ చిప్‌ను నడిపే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడమే కారణం. డెబియన్‌లో దాని పేరు ఫర్మ్‌వేర్-ఎస్ఓఎఫ్-సైన్డ్ (firmware-sof-signed). ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: మావంటి మామూలు వాడుకదారులు లినక్స్ ఆడియో, వీడియో బాగుపడడానికి సూచనలు పంపితే ఎవరైనా పట్టించుకుంటారా? ఎక్కడికి పంపాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, తిరుపతి

జవాబు: పట్టించుకుంటారు. రెడ్‌హ్యాట్‌లో పనిచేసే విమ్ టేమాన్స్ పైప్‌వైర్‌ను మొదట వీడియోను అప్లికేషన్ల మధ్య పంచడానికే మొదలుపెట్టారు. ఆడియో తరువాత వచ్చి చేరింది. 2021లో ఫెడోరా అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (లినక్స్ రకం) తన 34వ వెర్షన్‌లో దానిని వాడుకదారులందరికీ మామూలు ఆడియో సర్వర్‌గా ఇచ్చింది. లక్షణాలు విడమరిచి ఓపికగా రాసిన వాడుకదారులు లేకపోతే అన్ని రకాల సౌండ్ కార్డుల మీద, హెడ్‌సెట్ల మీద అది కుదురుకోవడం సాధ్యమయ్యేది కాదు.

‘ఆడియో బాగాలేదు’ అన్న ఫిర్యాదుతో మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఇబ్బంది ఏ పొరలో ఉందో ముందు తేల్చుకోవాలి. తీగ హెడ్‌ఫోన్స్‌తోనూ అదే ఇబ్బంది ఉంటే బ్లూటూత్‌ను వదిలేయవచ్చు. ఒక్క బ్రౌజర్‌లోనే ఉండి వీఎల్‌సీలో లేకపోతే అది బ్రౌజర్ వారికి చెప్పవలసిన విషయం. సౌండ్ కార్డే కనిపించకపోతే అది కెర్నల్‌కో (లినక్స్‌కు గుండెకాయ వంటి భాగం), ఫర్మ్‌వేర్‌కో సంబంధించినది. ఎటూ తేలకపోతే మీరు వాడే డిస్ట్రిబ్యూషన్ వారి బగ్ ట్రాకర్‌లో (లోపాల ఫిర్యాదులు నమోదు చేసే చోట) రాయండి. పైప్‌వైర్ సంగతులకు ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైటు ఉంది. డిస్ట్రిబ్యూషన్ పేరు, వెర్షన్, కెర్నల్ వెర్షన్, లాప్‌టాప్ మోడల్, ఏమి చేస్తే ఏమి జరిగింది, ఏమి జరగాలని మీరు ఆశించారు అన్నవి చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో ఉంటే చాలు, భాష సొగసును ఎవరూ చూడరు.

మీతో పాటు నేను కూడా పంపదలచిన సూచనలు రెండున్నాయి. హెడ్‌సెట్ కాల్ పద్ధతికి మారినప్పుడు డెస్క్‌టాప్ ఆ సంగతిని తెర మీద చెప్పాలి. పలమనేరు ఉపాధ్యాయిని అయోమయం అక్కడే తీరిపోయేది. మింట్ ఇన్‌స్టాలర్ మల్టీమీడియా కోడెక్‌ల (కుదించిన ఆడియో, వీడియోలను విప్పే ప్రోగ్రాముల) గురించి ముందే అడుగుతుంది. పేటెంట్ చిక్కుల వల్ల వాటిని తమతో ఇవ్వలేని ఫెడోరా వంటివి కూడా వీడియో ఆగిపోయిన చోటే, ఏది తక్కువైంది, ఎక్కడ దొరుకుతుంది అన్నది సాదా మాటల్లో చూపించాలి. ఇదే ఇబ్బంది మీకూ ఎదురైతే కొత్త ఫిర్యాదు తెరవకుండా, ముందే ఉన్నదాన్ని వెతికి, దాని కింద మీ లాప్‌టాప్ మోడల్‌ను, వెర్షన్లను చేర్చండి. లాగ్ ఫైలు జతచేసేటప్పుడు అందులో మీ యూజర్ పేరు, హెడ్‌సెట్ బ్లూటూత్ చిరునామా ఉంటాయి కనుక, వాటిని చెరిపి పంపండి.