బాలనటి పేరు దాటాక: నాటకానికీ సొంత పాటకీ సిద్ధమవుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. సీరియళ్లలో పిల్ల వేషాలూ టీవీ పాటల పోటీలూ ఆగిపోయి నాలుగైదేళ్లయింది, డిగ్రీ అవగానే నాటకాల్లోకి వెళ్లాలనుంది, సొంతంగా పాటలు రాసుకుని పాడాలనుంది అని రాశావు. తప్పకుండా వెళ్లు. అయితే చిన్నప్పటి పనికే ఇది కొనసాగింపు అనుకోవద్దు. అప్పుడు మాట ఒకరు రాసిచ్చారు, బాణీ ఇంకొకరు కట్టారు, కెమెరా నీ దగ్గరికొచ్చి నీ మొహాన్ని పెద్దది చేసి చూపించింది. సీరియల్లో గొంతు కూడా చాలాసార్లు డబ్బింగ్ ఆర్టిస్టుదే. ఆ వయసులో నీకు అబ్బిన విద్య ఎదుటివాళ్లకు నచ్చడం. ఇప్పుడు నేర్చుకోవాల్సింది మాటని ఆఖరి వరస దాకా చేర్చడం. నటనలోనూ పాటలోనూ చెయ్యాల్సిన పని అదే.

ముందు గొంతు చూసుకో. ఆడపిల్లల గొంతు మారదని చాలామంది అనుకుంటారు గానీ మారుతుంది. పన్నెండు, పద్నాలుగేళ్ల ప్రాంతంలో స్వరపేటిక పెరిగి మామూలు మాట స్థాయి రెండు మూడు అర్ధస్వరాలు (కీబోర్డు మీద పక్కపక్క మెట్లు) కిందికి దిగుతుంది. స్వరతంతులు పూర్తిగా మూసుకోక కొన్నాళ్లు గొంతులో గాలి కలుస్తుంది. పోటీల్లో సినిమా పాటల్ని రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడి అలవాటైన పిల్లలు ఈ మార్పు వచ్చాక కూడా పాత శ్రుతినే పట్టుకుని ఉంటారు. దాంతో పై స్థాయికి వెళ్లేసరికి మెడ బిగుసుకుంటుంది, గొంతు బొంగురుపోతుంది, కొందరికి స్వరతంతుల మీద నాడ్యూల్స్, అంటే చిన్న కాయల్లాంటివి, కడతాయి. గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే కషాయాలతో కాలక్షేపం చెయ్యకుండా ఈఎన్టీ డాక్టరు దగ్గరికి వెళ్లి స్వరతంతులు చూపించుకో.

నీ శ్రుతిని కొత్తగా వెతుక్కోవాలి. కీబోర్డు ముందు కూర్చుని, గొంతు వేడెక్కాక, అకారంతో మెల్లగా కిందికీ పైకీ వెళ్లు. బలవంతం లేకుండా పలికిన చివరి స్వరాలు రెండు వైపులా రాసుకో. ఒక్కరోజు లెక్క నమ్మకు. వారం రోజులు రాసి, అందులో తక్కువగా వచ్చినదాన్నే నీ హద్దు అనుకో. నువ్వు రాసే ఏ పాటలోనైనా అన్నిటికంటే ఎత్తైన స్వరం ఆ హద్దుకి కనీసం ఒక స్వరం కింద ఉండాలి. కీబోర్డు మీద C ని ఒకటో శ్రుతిగా లెక్కపెడితే, ఆడవాళ్లు ఎక్కువగా నాలుగున్నర నుంచి ఆరు శ్రుతి మధ్యలో పాడతారు. నీకు నాలుగే సుఖంగా ఉంటే నాలుగులోనే పాడు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ ఒక్క స్వరం ఎందుకు వదిలిపెట్టమంటున్నానంటే, నాటకంలో పాట కుర్చీలో కూర్చున్నప్పుడు రాదు. పోట్లాట అయ్యాక వస్తుంది, ఏడ్చాక వస్తుంది, పట్టుచీర కట్టి లైట్ల వేడిలో నిలబడ్డప్పుడు వస్తుంది. రోజూ గది చుట్టూ రెండు నిమిషాలు చకచకా నడిచి, ఆగకుండా పల్లవి ఎత్తుకో. ఊపిరి ఎక్కడ తెగుతోందో అక్కడ పెన్సిల్ గీత పెట్టు. అర్థం విరిగే చోటే ఊపిరి తీసుకోవాలి. పద్యమైతే మరీను. పాదం అయిపోయింది కదా అని అక్కడ ఆపి మాటని రెండు ముక్కలు చేస్తే, ఎంత రాగం తీసినా ఉపయోగం లేదు.

ఇక మాట. తెలుగు వాక్యంలో ప్రాణం చివర ఉంటుంది. క్రియ అక్కడే, కాదనడమూ అక్కడే. "రేపు పొద్దున బస్సుకి నేను వెళ్లడం లేదు" అన్న మాట తీసుకో. కెమెరా ముందు అలవాటైన గొంతు వాక్యం చివరికొచ్చేసరికి దిగిపోతుంది. కాలర్ మైకు ఉంటుంది కాబట్టి టీవీలో అది చెల్లిపోతుంది, సహజంగా ఉందని మెచ్చుకుంటారు కూడా. హాల్లో ఇరవయ్యో వరసవాడికి "వెళ్లడం" దాకా వినిపించి "లేదు" వినపడదు. వాడికి కథే తిరగబడింది! దీనికి సాధన వెనకనుంచి చెయ్యాలి. ముందు "లేదు" అను. తర్వాత "వెళ్లడం లేదు", ఆ తర్వాత "నేను వెళ్లడం లేదు". ఇలా ఒక్కొక్క మాట ముందు చేర్చుకుంటూ పోతే చివరి మాట బలం తగ్గకుండా వాక్యమంతా నిలబడుతుంది. నీ వేషంలో ఉన్న ప్రతి మాటకీ ఇది చెయ్యి, రిహార్సల్ మొదటివారంలోనే. ఒత్తులూ, శ ష స లూ, ల ళ లూ పట్టుబట్టి సరిచేసుకో. ఇప్పటిదాకా నీ బదులు డబ్బింగ్ వాళ్లు పలికారు గనుక నీ నాలికకి ఆ పని పడలేదు.

నాటక పరిషత్తు పోటీల్లో స్టేజీ మీద నాలుగైదు మైకులే ఉంటాయి, ముందు వరుసగా కింద పెట్టో, పైనుంచి వేలాడదీసో. రెండు మైకుల మధ్య మాట పడిపోయే చోట్లు ఉంటాయి. నాటిక మొదలుకాకముందే స్టేజీ అంతా నడుస్తూ మాట్లాడి, హాలు చివర ఒకరిని నిలబెట్టి, ఆ చోట్లేవో తెలుసుకో. పెదవులకి ఆనించిన చేతిమైకుతో గుసగుసలా పాడే అలవాటు ఇక్కడ పనికిరాదు.

బాలనటులకి ఒంటికి పట్టేసిన అలవాట్లు కొన్ని ఉంటాయి. తల పక్కకి వాల్చడం, కనుబొమలు ఎగరెయ్యడం, మాట చివర రాగం తియ్యడం, మాట అయిపోగానే జడ్జిల వైపు చూసినట్టు చిన్న నవ్వు నవ్వడం. రిహార్సల్‌ని ఫోన్లో పక్కనుంచి తీయించి, శబ్దం ఆపేసి చూడు. ఒక్కో అలవాటూ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. అన్నీ ఒకేసారి మానాలని చూస్తే కొయ్యబొమ్మలా తయారవుతావు. వారానికి ఒక్కటి చాలు. మొదటి రెండేళ్లూ అల్లరిపిల్ల వేషాలు, కాలేజీ అమ్మాయి వేషాలు ఒప్పుకోకు. నిన్ను గుర్తుపట్టి పిలిచేవాళ్లు అవే ఇస్తారు. పది పదిహేను మాటలున్న చిన్న వేషమైనా సరే, నీకంటే పదేళ్లు పెద్దామెదో, నలుగురూ తిట్టుకునేదో తీసుకో.

పిల్ల వేషం నుంచి పెద్ద వేషానికి మారే దారి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు నెలల వయసులోనే స్టేజీ ఎక్కుతారు. కృష్ణుడో ప్రహ్లాదుడో వేసిన పిల్ల ఆ వయసు దాటగానే ఖాళీగా కూర్చోదు. తెరలు లాగుతుంది, సామాను సర్దుతుంది, పెద్దవాళ్ల పద్యాలు పక్కనుంచి వింటుంది. పెద్ద వేషం వచ్చేసరికి నాటకమంతా ఆమెకి నోటికొచ్చి ఉంటుంది. నువ్వు పోగొట్టుకున్నది ఆ మధ్యకాలం. దాన్ని ఇప్పుడు సంపాదించుకో. ఏదైనా నాటక సమాజంలో చేరి ఒక ఏడాది ప్రాంప్టింగ్ (తెరచాటునుంచి మాట అందించడం), మేకప్, లైట్లు, ఏ పని దొరికితే అది చెయ్యి.

చదువుకోవాలనుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో రెండేళ్ల పీజీ ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఆ శాఖ ఉంది. ఢిల్లీలో 1959లో పెట్టిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాది మూడేళ్ల డిప్లొమా. దానికి డిగ్రీతో పాటు హిందీ, ఇంగ్లీషులు కొంత వచ్చి ఉండాలి, కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న ఆధారాలు అడుగుతారు. సీరియళ్లు ఆ లెక్కలోకి రావు. కాబట్టి నువ్వు పనిచేసిన ప్రతి నాటకం కరపత్రం, తేదీ, సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకో. నాటకం మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు, చాలాసార్లు దారిఖర్చులే వస్తాయి. డబ్బింగూ, ప్రకటనలకు గొంతివ్వడం, పిల్లలకు నేర్పడం లాంటిది ఒకటి పక్కన ఉంచుకో.

పాట దగ్గరికొస్తే, నీ గురించి నువ్వు రాసుకోవడంతో మొదలుపెట్టవద్దు. వేసిన వేషం గొంతుతో రాయి. ఆడవేషాలకి పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషానికి కావలసిన పాట తానే రాసుకున్నారు. ఆ పాట నాటకం దాటి సినిమాలోకీ వెళ్లింది. ఆ మనిషి ఆ క్షణాన ఎవరితో, ఏం కావాలని మాట్లాడుతోందో తెలిసినప్పుడు మాట గాలిలో తేలిపోదు. ముందు ఆరేడు వాక్యాలు మామూలు వచనంలో రాసి పైకి చదువు. తొడమీద చేత్తో దెబ్బ వేస్తూ చదివితే ఏ అక్షరం మీద బరువు పడుతోందో తెలుస్తుంది. ఆ బరువుల మీద బాణీ కట్టు. ఇప్పటి పాటల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది హ్రస్వాన్ని సాగదీయడం. "కింద పడి లేచాను" అని రాసి "ప" మీద రెండు మాత్రల స్వరం పెడితే వినేవాళ్లకి "పాడి" అని వినపడుతుంది. పడినదాన్ని పాడినదాన్ని చేస్తుంది ఆ బాణీ. దీర్ఘం ఉన్న చోటే స్వరం సాగనివ్వు, లేదా మాట మార్చు. పల్లవి చెప్పిందే చరణంలో మళ్లీ చెప్పకు. ప్రతి చరణంలో వినేవాడికి అప్పటిదాకా తెలియని సంగతి ఒకటైనా ఉండాలి. పది రాస్తే మూడు నిలుస్తాయి. మిగతావి పారెయ్యకు, వాటిలోంచి ఒక్కో పంక్తి తర్వాత పనికొస్తుంది.

ఎనిమిది పాటలు చేతికొచ్చాక, అంటే ముప్పైఅయిదు, నలభై నిమిషాలకి సరిపడా, గిటారో హార్మోనియమో ఒక్కటే పెట్టుకుని చిన్నచోట పాడు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోటు అలాంటివాటికి బాగుంటుంది. ఎక్కడ జనం ఫోన్లు తీశారో చూసుకుంటే ఏ చరణం కొట్టెయ్యాలో తెలుస్తుంది. అది అయ్యాకే స్టూడియో. స్టూడియోలో గంటలెక్కన డబ్బు కరుగుతుంది గనుక వేగం, శ్రుతి, చరణాల వరస ఇంట్లోనే తేల్చుకుని, మెట్రోనోమ్ (లయ తప్పకుండా దెబ్బ కొట్టే సాధనం) పెట్టి ఫోన్లో పాడిన నమూనా పట్టుకెళ్లు. పని అయ్యాక ఎంపీ3 ఒక్కటి తీసుకుని వచ్చెయ్యకు. నాణ్యత తగ్గని 24 బిట్ వేవ్ ఫైలూ, గొంతు విడిగా, ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న ట్రాకులూ అడిగి తీసుకో. ఏడాది తర్వాత ఎవరైనా కరోకే అడిగితే అవి లేక మళ్లీ మొదటినుంచీ చేయించుకోవాలి.

హక్కుల సంగతి కూడా అక్కడే తేలాలి. మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, స్టూడియో దాటకముందే అందరిచేతా సంతకం చేయించు. పాట హిట్టయ్యాక ఆ కాగితం రాయించడం ఎవరి వల్లా కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వడం సంతకంతో కాగితం మీదే జరగాలి. అందులో ఎన్నేళ్లకో చెప్పకపోతే అయిదేళ్లకనీ, ఎక్కడివరకో చెప్పకపోతే భారతదేశం వరకేననీ అర్థం. అందుకే కంపెనీలు ఇచ్చే ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు ముందే ఉంటాయి. అవి కనపడ్డచోట ఆగి, వకీలుకి చూపించు. 2012 సవరణ తర్వాత సినిమాలోనో రికార్డులోనో చేరిన పాటకి రాసినవాళ్లూ బాణీకట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాని కంపెనీకి వదిలేసుకోవడం కుదరదు. ఆ వాటా చేతికి రావాలంటే పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటా నమోదు చెయ్యాలి.

చిన్నప్పటి లెక్కలు కూడా ఓసారి చూసుకో. బాలకార్మిక చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల ప్రకారం సినిమా, టీవీల్లో పనిచేసిన పిల్లల సంపాదనలో కనీసం ఇరవై శాతం, జాతీయం చేసిన బ్యాంకులో పిల్లల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. మేజరయ్యాక అది నీది. ఆ రసీదులు ఎక్కడున్నాయో అమ్మానాన్నల్ని అడుగు. నిలదీసినట్టు కాకుండా, బ్యాంకు పని మీద అడిగినట్టు అడుగు. మైనరుగా ఉన్నప్పటి ఒప్పందాలు నిన్ను కట్టిపడెయ్యవు. కానీ పెద్దవాళ్లు తమ పేరు మీద ఏం ఒప్పుకున్నారో చదివి చూసుకోవాలి. పాన్ కార్డు చిన్నప్పటిదైతే ఫొటో, సంతకం చేర్పించుకో. పాత పోటీల వీడియో ముక్కలు నీ ఛానెల్లో పెట్టకు, ఆ రికార్డింగ్ హక్కులు టీవీవాళ్లవి.

పేరు ముందున్న "బేబీ" తీసెయ్యి. పరిచయంలో చిన్నప్పటి పని ఒక్క వాక్యం ఉంటే చాలు, దాచవద్దు.

శ్రుతి లెక్క అయిపోయాక ఒక పల్లవీ చరణమూ రాసి పంపు. బాణీ వద్దు, మాటలు మాత్రమే, నువ్వు పైకి చదివిన వాయిస్ మెసేజ్‌తో సహా.

ఉంటాను,
పెద్దమ్మ